బట్ట అమెరికాది, టోపీ ఫ్రాన్స్‌ది: 1940ల నాటి ఫ్రెంచ్ సైనికుణ్ణి ఫోటోలో చదవడం ఎలా?

1944 ఆగస్టు 25న పారిస్ వీధుల్లో తీసిన ఫోటోలు చూపించి ఇది ఏ దేశపు సైన్యం అని అడిగితే, ఎక్కువమంది అమెరికా అనే చెబుతారు. ట్యాంకులు షెర్మన్‌లు. ప్యాంట్లు, జాకెట్లు అమెరికన్‌వి. చాలామంది నెత్తిన ఉన్నది అమెరికన్ల ఎం1 హెల్మెట్టే. కాస్త నిదానంగా చూస్తేనే తేడాలు కనబడతాయి. ట్యాంకుల్ని వేటాడే ఎం10 వాహనం మీద కూర్చున్న కుర్రాడి తలకి నావికుల టోపీ ఉంది, దాని నడినెత్తిన ఎర్ర ఊలు కుచ్చు ఉంది. ఇంకో బండిలోవాడు ఎర్రటి పడవ టోపీ పెట్టుకున్నాడు. పదాతి దళంవాడి గుర్తేమో ఓడ లంగరు. పారిస్‌లో సముద్రం ఎక్కడిది?

వీళ్లంతా జనరల్ లెక్లేర్ నడిపిన రెండో ట్యాంకు డివిజన్ మనుషులే. కుచ్చు టోపీవాళ్లు ఓడలు లేక నేలమీదికొచ్చిన నావికులు. ఎర్ర టోపీవాళ్లు మొరాకో స్పాహీలు, అంటే ఒకప్పటి గుర్రపు దళం. లంగరువాళ్లు చాద్ రెజిమెంటు, అంటే ఫ్రాన్స్ తన వలస రాజ్యాల కోసం పెట్టుకున్న 'వలస సైన్యపు' పదాతి దళం. అమెరికా నుంచి వచ్చిన బట్టలన్నీ తొడుక్కున్నారు గానీ, తలమీది టోపీ, భుజం మీది గుర్తు మాత్రం ఒక్కరూ వదల్లేదు.

ఈ కాలపు ఫ్రెంచ్ యూనిఫాం గజిబిజిగా కనిపించడానికి కారణం ఇదే. ఒంటిమీది బట్టని బట్టి ఆ ఏడాది ఎవరు సరఫరా చేశారో తెలుస్తుంది, అంతే. ఆ మనిషి ఏ దళంవాడు, ఎవరి వారసుణ్ణని చెప్పుకుంటున్నాడు అన్నది టోపీ, కాలరు, భుజం, చొక్కా జేబు చెబుతాయి. ఈ రెంటినీ కలిపి చదవబోతేనే చిక్కు. ముందు బట్ట సంగతి చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది.

1914 ఆగస్టులో ఫ్రెంచ్ పదాతి దళం నీలం కోటు, ఎర్ర ప్యాంటుతో యుద్ధానికి బయల్దేరింది. మెషిన్ గన్ల కాలంలో ఎర్ర ప్యాంటు ఏమిటని అప్పటికే చాలామంది మొత్తుకున్నారు. అది ఫ్రాన్స్ పరువుకు సంబంధించిన సంగతి అన్నవాళ్ల మాటే చాలాకాలం నెగ్గింది. ఆ పరువు రంగు వచ్చేది ఎక్కణ్ణుంచో తెలుసా? జర్మనీ నుంచి. ఫ్రాన్స్‌లో ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ సాగు పోయాక, ఆ ఎరుపు కోసం జర్మన్ కంపెనీల కృత్రిమ అలిజరిన్ మీదే ఆధారపడ్డారు. 1914 జులైలో ఎరుపు, తెలుపు, నీలం ఉన్ని దారాలు కలిపి నేసిన కొత్త బట్టకు ఆమోదం దొరికింది. వెంటనే యుద్ధం వచ్చింది, జర్మనీ నుంచి ఎరుపు ఆగిపోయింది. మిగిలిన నీలం, తెలుపుతోనే నేసేశారు. 1915 నుంచి ఫ్రెంచ్ సైనికుడికి ప్రపంచమంతా పేరు తెచ్చిన ఆ లేత 'హొరైజన్ బ్లూ' అలా పుట్టింది. ఏ కళాకారుడో కూర్చుని ఎంచిన రంగు కాదది, సరుకు దొరక్క మిగిలిన రంగు.

అదే యుద్ధంలో ఆఫ్రికా నుంచి, ఇతర వలసల నుంచి వచ్చిన దళాలకు ఆవాల రంగు ఖాకీ ఇచ్చారు. 1921లో సైన్యం మొత్తానికీ ఖాకీయే అని తేల్చారు గానీ, గోదాముల్లో పేరుకుపోయిన నీలం బట్ట ఖర్చయ్యేసరికి 1930ల సగం గడిచిపోయింది. 1939లో మళ్లీ యుద్ధం వచ్చేనాటికి ఫ్రెంచ్ సైనికుడి వేషం ఇది: ఖాకీ ఉన్ని పొడుగు కోటు, 1926 నమూనా అడ్రియన్ హెల్మెట్, పిక్కలకు పట్టీలు. గోల్ఫ్ ఆటగాళ్ల ప్యాంటులా మోకాలి కింద వదులుగా వేలాడే 1938 నమూనా ప్యాంటు వచ్చింది గానీ అందరికీ అందలేదు.

1940 జూన్‌లో ఫ్రాన్స్ ఓడిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఫ్రెంచ్ సైనికుడికి సొంత దర్జీ లేడు.

ఓటమిని ఒప్పుకోని జనరల్ డిగోల్ వెంట లండన్‌లో నిలిచినవాళ్లకు బ్రిటిష్ బట్టలు వచ్చాయి. 1942 మే, జూన్‌లలో లిబియా ఎడారిలోని బీర్ హకీమ్ దగ్గర జర్మన్ జనరల్ రోమెల్‌ను రెండు వారాలు ఆపిన కోనిగ్ బ్రిగేడ్ తొడుక్కున్నది చాలావరకు బ్రిటిష్ బట్టలే. 1942 నవంబరులో మిత్రసేనలు ఉత్తర ఆఫ్రికాలో దిగాక, అప్పటిదాకా జర్మనీతో రాజీపడిన విషీ ప్రభుత్వం కింద ఉన్న ఫ్రెంచ్ ఆఫ్రికా సైన్యం ఇటు చేరింది. 1943 జనవరిలో మొరాకోలోని కాసాబ్లాంకా పక్కన ఆన్ఫాలో జరిగిన సమావేశంలో దానికి అమెరికా ఆయుధాలు ఇవ్వాలని మాట కుదిరింది. చివరికి అమెరికా ఐదు పదాతి డివిజన్లను, మూడు ట్యాంకు డివిజన్లను తల నుంచి కాలిదాకా సరంజామాతో నింపింది. అంటే 1943లో ఇద్దరు ఫ్రెంచ్ సైనికులు ఎదురుపడితే ఒకరు బ్రిటన్‌వాడిలా, ఇంకొకరు అమెరికావాడిలా ఉండొచ్చు. వాళ్ల మధ్య అభిమానాలూ అంత బాగుండేవి కావు. మొదటినుంచీ డిగోల్‌తో ఉన్నవాళ్లకు కొత్తగా చేరినవాళ్లంటే అనుమానం, కొత్తవాళ్లకి పాతవాళ్లంటే కోపం. డిగోల్ మనుషుల జేబు మీది లొరైన్ శిలువే ఆ రెండు గుంపుల్నీ వేరుచేసే గీత. రెండు అడ్డపట్టీలున్న ఆ శిలువను గుర్తుగా పెట్టుకుందామని 1940లో సూచించింది వైస్ అడ్మిరల్ ముజెలియే.

అన్నిటికంటే విచిత్రమైన మిశ్రమం మొరాకో కొండల నుంచి వచ్చిన గూమియేలది. 1944 మేలో ఇటలీ కొండల్లో జర్మన్ రక్షణ రేఖను చీల్చిన దళాల్లో వీళ్లున్నారు. ఒంటిమీద చారల ఉన్ని జలాబా (తలముసుగున్న పొడుగు అంగీ), తలమీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి పళ్లెం లాంటి హెల్మెట్, చేతిలో అమెరికా తుపాకీ. వీళ్లది యూనిఫాం కాదనేవాళ్లు జలాబాయే వాళ్ల యూనిఫాం అన్న సంగతి మరిచిపోతారు.

బట్ట కథలో మనసు కలుక్కుమనే భాగం 1944 శరత్కాలానిది. ఫ్రాన్స్ లోపల చేతికి మూడురంగుల పట్టీ కట్టుకుని పోరాడిన ప్రతిఘటన దళాలవాళ్లను, లక్షకు పైగా మందిని, జనరల్ ద లాత్ర్ మొదటి ఫ్రెంచ్ సైన్యంలో కలిపారు. వాళ్లకి బట్టల్లేవు. కొందరు 1940 నాటి పాత హెల్మెట్లతో, కొందరు జర్మన్ల నుంచి చేజిక్కిన కోట్లతో చలికాలంలోకి అడుగుపెట్టారు. అదే సమయంలో ఆఫ్రికా నల్లజాతి సైనికుల్ని వేల సంఖ్యలో ముందువరస నుంచి తప్పించారు. వాళ్లు చలికి ఆగలేరన్నది పైకి చెప్పిన కారణం. విముక్తి పొందిన ఫ్రాన్స్ ముఖం తెల్లగా కనిపించాలన్న కోరిక కూడా అందులో ఉందని ఇప్పుడు చరిత్రకారులు దాపరికం లేకుండానే చెబుతున్నారు. ఈ మార్పుకు సైన్యంలో వాడుకైన పేరే 'తెల్లబరచడం'. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ తీరంలో దిగి తూలోన్ దాకా పోరాడి వచ్చిన తిరాయెర్ల (ఆఫ్రికా పదాతి సైనికుల) పొడుగు కోట్లు, హెల్మెట్లు, తుపాకులు అక్కడికక్కడే ఒలిపించి కొత్తవాళ్లకి ఇచ్చారు. ఆ చలికాలపు ఫోటోల్లో కోటు ఒక్కటే చూసేవాడికి ఈ మార్పిడి జరిగినట్టే తెలియదు.

తల నుంచి మొదలుపెట్టాలి

ఇక గుర్తుల సంగతి. ముందు తల చూడాలి. ఎందుకంటే ఫ్రెంచ్ సైనికుడు తన టోపీ మీద రాజీపడలేదు. బూట్లు, బెల్టు, కోటు ఎవరిచ్చినా తీసుకున్నాడు.

కేపీ మనకి మరీ కొత్తేం కాదు. పుదుచ్చేరి పోలీసు కానిస్టేబుల్ పెట్టుకునే గుండ్రటి ఎర్రటోపీ అదే. యానాం, పుదుచ్చేరి 1954 దాకా ఫ్రెంచ్ చేతిలో ఉన్నందుకు మిగిలిన ఆనవాళ్లలో అదొకటి. ఫ్రెంచ్ పదాతి అధికారి కేపీకి పైభాగం ఎరుపు, కింది పట్టీ ముదురు నీలం. జనరల్స్ కేపీ మీద ఓక్ ఆకుల బంగారు కుట్టు ఉంటుంది. బ్రిగేడ్ జనరల్‌కు ఒక వరస, ఆ పైవాళ్లకు రెండు, మార్షల్‌కు మూడు. డిగోల్ ఫోటోల్లో కేపీ మీద ఒక వరస ఆకులు, రెండు నక్షత్రాలే కనిపిస్తాయి. 1940లో దక్కిన తాత్కాలిక బ్రిగేడ్ జనరల్ హోదా అది. ఆ తర్వాత దేశాన్నే నడిపినా మూడో నక్షత్రం పెట్టుకోలేదు. ఆయన చుట్టూ నాలుగైదు నక్షత్రాలవాళ్లు అటెన్షన్‌లో నిలబడి ఉండేవాళ్లు. ఇంతకంటే ఘనమైన గర్వం ఉంటుందా అనిపిస్తుంది నాకు.

విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచ్ దళం ఫారిన్ లెజియన్. దాని తెల్ల కేపీ కథ వేరు. మొదట అది ఖాకీ ముసుగు. ఎండకీ ఉతుకుళ్లకీ వెలిసి తెల్లబడింది. ఎంత వెలిస్తే అంత పాతకాపు అన్నట్టు. 1939 జులై 14న పారిస్ కవాతులో లెజియన్ దాన్ని తలమీద పెట్టుకుని నడిచాక అది అధికారిక గుర్తుగా స్థిరపడింది. లెజియన్‌లో తెల్ల కేపీ కింది స్థాయివాళ్లది. సార్జెంట్లు, అధికారులు ముదురు రంగు కేపీ పెట్టుకుంటారు. తెల్ల కేపీవాడే పెద్ద హోదావాడు అనుకునే పొరపాటు సామాన్యంగా జరిగేదే.

ఆఫ్రికా తిరాయెర్లకు, జువావ్‌లనే ఉత్తర ఆఫ్రికా పదాతి దళాలకు ఎర్ర కుళ్లాయి లాంటి షెషియా. యుద్ధరంగంలో దానిమీద ఖాకీ తొడుగు వేసుకునేవాళ్లు. షసర్లంటే తేలికపాటి పదాతి సైనికులు. వాళ్లలో కొండ దళాలవాళ్లకు పెద్ద బెరె (అంచులేని మెత్తటి చదును టోపీ), ట్యాంకులవాళ్లకు నల్ల బెరె. బెరె విషయంలో ఇంకో చిట్కా ఉంది. ఫ్రెంచ్ పారాచూట్ సైనికుడు బెరెను ఎడమవైపుకు లాగి, బిళ్లను కుడికంటి పైన పెడతాడు. బ్రిటిష్‌వాడు దీనికి సరిగ్గా ఎదురు. ఫ్రెంచ్ వాళ్లలో బ్రిటిష్ పద్ధతి పాటించేది నౌకాదళ కమాండోలు. 1944 జూన్ 6న తమ నాయకుడు కీఫర్ వెంట నార్మండీ తీరంలో దిగిన 177 మంది బ్రిటిష్ కమాండోలతో కలిసి శిక్షణ పొందారు. వాళ్ల వారసులు నేటికీ బెరెను ఆ వాలులోనే పెడతారు.

లంగరు, నెలవంక, నిప్పు

తల తర్వాత చిహ్నం. ఇందులో పెద్ద చిక్కేం లేదు. మంటలు లేస్తున్న గ్రెనేడ్ పదాతి దళానిది, అందులోనూ ఏడు మంటలుంటే లెజియన్. వేటగాడి బాకా షసర్లది. నెలవంక ఉత్తర ఆఫ్రికా తిరాయెర్లది, జువావ్‌లది. ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టిన ఫిరంగులు ఆర్టిలరీవి. లంగరు వలస సైన్యానిది. ఆ దళాలు 1900 దాకా నౌకాదళ శాఖ కింద ఉండేవి. యుద్ధ మంత్రిత్వ శాఖకు బదిలీ అయ్యాక కూడా లంగరును వదిలిపెట్టలేదు. సెనెగల్ రైతుబిడ్డ సహారా ఇసుకలో లంగరు పెట్టుకుని నడవడానికి కారణం ఇదే.

ఈ చిహ్నాలు 1940కి ముందు హెల్మెట్ ముందుభాగాన, కాలర్ మీది బట్ట ముక్క మీద ఉండేవి. హెల్మెట్ అమెరికాదైపోయాక, జాకెట్ కాలరూ మారిపోయాక వాటికి చోటు పోయింది. యుద్ధం తర్వాత ఎడమ చేతిమీద కుట్టుకునే డైమండ్ ఆకారపు గుడ్డబిళ్ల మీదికి చేరాయి. ఫోటో యుద్ధానికి ముందుదా తర్వాతదా అని తేల్చుకోవడానికి చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది.

రంగుల్లోనూ పట్టుదలలున్నాయి. షసర్ల పైపింగు పసుపు. కానీ వాళ్ల ముందు దాన్ని పసుపు అనకూడదు, 'జొంకీయ్' అనాలి, అదొక పువ్వు పేరు. ఎరుపు అన్న మాట కూడా వాళ్ల నోట రాదు. ప్రేయసి పెదవులకూ జాతీయ జెండాకూ మాత్రం మినహాయింపు.

పట్టీలు: మన బ్రిగేడియర్ వేరు, వాళ్ల బ్రిగాడియే వేరు

హోదా పట్టీల్ని 'గలోన్' అంటారు. అధికారుల లెక్క సులువే. ఒకటి సబ్ లెఫ్టినెంట్, రెండు లెఫ్టినెంట్, మూడు కెప్టెన్, నాలుగు కమాండాంట్, ఐదు కల్నల్. లెఫ్టినెంట్ కల్నల్‌కూ ఐదే, కాకపోతే బంగారం, వెండి ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రంగుల్లేని ఫోటోలో ఈ ఇద్దర్నీ వేరుచేయడం కళ్లకు పరీక్ష.

చిక్కంతా బంగారం, వెండి దగ్గరే ఉంది. పదాతి, ఆర్టిలరీ, ఇంజనీర్లకు బంగారు పట్టీ, గుర్రపు దళాలకు వెండి పట్టీ అన్నది మోటు సూత్రం. షసర్లు కాలినడకవాళ్లే అయినా వాళ్లది వెండి. ఆజూదాంలకు కూడా అధికారిలాగే ఒంటి పట్టీ ఉంటుంది, మధ్యలో సన్నటి ఎర్రదారం వెళుతుంది. వాళ్లు సబ్ లెఫ్టినెంట్‌కు కిందివాళ్లు. పాత ఫోటోలో ఆ దారం కనపడదు కాబట్టి తాతగారిని అధికారిని చేసేసిన కుటుంబాలు ఫ్రాన్స్‌లో బోలెడు ఉండి ఉంటాయి. ఇక కింది స్థాయిలో ఊలు పట్టీ ఉంటే కార్పొరల్, జరీ పట్టీ ఉంటే సార్జెంట్ వర్గం.

పేర్లతో ఇంకాస్త జాగ్రత్త అవసరం. మన సైన్యంలో బ్రిగేడియర్ అంటే కల్నల్ మీదివాడు. ఫ్రెంచ్ గుర్రపు దళాల్లో, ఆర్టిలరీలో బ్రిగాడియే అంటే కార్పొరల్! పదాతిలో సార్జెంట్ అనేవాణ్ణే అక్కడ 'మరెషాల్ దె లోజి' అంటారు. మార్షల్‌కూ అతనికీ మధ్య నిచ్చెన మెట్లు అన్నీ ఉన్నాయి. జనరల్స్‌లోనేమో ఒక నక్షత్రంవాడే ఉండడు, లెక్క రెండుతో మొదలవుతుంది. మార్షల్‌కు ఏడు. ఆ ఏడు నక్షత్రాల్ని బతికుండగా పెట్టుకున్న ఆఖరి మనిషి 1952లో మార్షల్ అయిన జ్వాం. లెక్లేర్‌కు, ద లాత్ర్‌కు అదే ఏడాది ఆ గౌరవం దక్కింది, కానీ అప్పటికే ఇద్దరూ పోయారు.

పట్టీకి ఎంత బలముందో లెక్లేర్‌కి బాగా తెలుసు. 1940 ఆగస్టు చివర్లో కొద్దిమందితో పడవల్లో కామెరూన్‌లోని డువాలా రేవుకు చేరాడు. అప్పుడాయన నాలుగు పట్టీల కమాండాంట్. అక్కడ తనకంటే పై హోదావాళ్లు మాట వినరని, ఎవర్నీ అడక్కుండా తనకు తానే కల్నల్ అయిపోయాడు. కామెరూన్ చేతికొచ్చింది. డిగోల్ ఆ పట్టీని తీసేయమనలేదు.

ఛాతీ, భుజం

ఎడమ భుజం చుట్టూ వేలాడే అల్లిక తాడు ఫూరాజేర్. అది 1916లో మొదలైంది. అది మనిషికిచ్చే పతకం కాదు, దళానికిచ్చేది. సైన్యం ఉత్తర్వుల్లో దళం పేరు రెండు మూడుసార్లు ప్రశంసకు వస్తే ఆకుపచ్చ, ఎరుపు కలిసిన తాడు, నాలుగైదుసార్లయితే పసుపు ఆకుపచ్చ, ఆరు నుంచి ఎనిమిదిసార్లయితే లీజియన్ ఆఫ్ ఆనర్ పతకపు ఎరుపు. ఆ తర్వాత జంటతాళ్లు. 1950లో చేరిన 19 ఏళ్ల కుర్రాడు మొదటి యుద్ధంలోని వెర్దన్ పోరు నాటి తాడు వేసుకుని తిరగడం అందుకే. ఆ యుద్ధాల్లో దళంతో పాటు ఉన్నవాడికి ఆ తాడు సొంతం, దళం మారినా వేసుకోవచ్చు. మిగతావాళ్లు దళం వదిలిన రోజే తీసేయాలి.

ఛాతీ మీది ఎనామెల్ లోహపు బిళ్లలే సేకరించేవాళ్లకు అసలు పిచ్చి. మొదటి యుద్ధంలో విమాన దళాలు మొదలుపెట్టిన సరదా ఇది. 1930ల్లో రెజిమెంటుకొక బిళ్ల అయింది. జర్మనీని అడ్డుకోవడానికి సరిహద్దులో కట్టిన మాజినో కోటల దళాలది "దాటనివ్వం" అని రాసి ఉన్న బిళ్ల. జర్మన్లు ప్రధానంగా పక్కదారిన చుట్టి వచ్చారనుకోండి, అది వేరే సంగతి. లెక్లేర్ డివిజన్ బిళ్ల ఫ్రాన్స్ పటం మీద లొరైన్ శిలువ. మొదటి సైన్యానిది 'రైన్, డాన్యూబ్' బిళ్ల, దాని మీది ముళ్ల గద కోల్మార్ నగర చిహ్నం నుంచి తెచ్చుకున్నది. బిళ్ల కొనేవాడు ముందు వెనక్కి తిప్పి చూడాలి. పారిస్‌లోని ద్రాగో సంస్థ తన బిళ్లల వెనక చిరునామా కూడా ముద్రించేది. కొన్నిటిమీద బెరాంజే వీధి, కొన్నిటిమీద ఒలివియే మెత్రా వీధి కనిపిస్తాయి. దాన్నిబట్టి సుమారు కాలం పట్టుకుంటారు. యుద్ధం తర్వాతి వాటిమీద జి అక్షరం, నంబరు ఉంటే సైన్యం అధికారికంగా ఒప్పుకున్న నమూనా అని అర్థం.

యుద్ధం ముగిశాక కూడా బట్టల కలగాపులగం ఆగలేదు. ఇండోచైనాలో దిగిన పారాచూట్ దళాలు బ్రిటిష్ వాళ్ల మచ్చల 'విండ్‌ప్రూఫ్' బట్టలు తొడిగి వాటికి 'సాసేజ్ తొక్క' అని పేరు పెట్టాయి. కొందరు అమెరికన్ మెరీన్ల 'కప్పచర్మం' అనే మచ్చల బట్ట వాడారు. 1947 నమూనాతో ఫ్రాన్స్ సొంత పారా దుస్తులు మొదలయ్యాయి. ఆ వరసలో వచ్చిందే ఆకుపచ్చ, గోధుమ రంగు కుంచె చారల 'లిజర్డ్' బట్ట. దాని వెనక కూడా బ్రిటిష్ పారాచూట్ దళాల డెనిసన్ జాకెట్ ఛాయ ఉంది. బెరెలు మాత్రం ఎవరివి వాళ్లవే. వలస పారాలది ఎరుపు, ఫ్రాన్స్ పారాలది నీలం. 1950ల చివరికి అందరిదీ ఎరుపైంది. లెజియన్‌వాళ్లు తమ ఆకుపచ్చతోనే నిలిచారు.

ఏళ్లతరబడి ఇతరుల బట్టలు తొడుక్కున్న సైన్యం చివరికి తన బట్టను బయటికి పంపింది. 1967 యుద్ధపు ఫోటోల్లో ఇజ్రాయెల్ పారాల ఒంటిమీద ఉన్నది ఫ్రెంచ్ లిజర్డే. పోర్చుగల్ అదే చారల్ని కాస్త మార్చి అంగోలా, మొజాంబిక్ యుద్ధాలకు వాడింది. పోర్చుగీస్ పారాల బెరె కూడా ఆకుపచ్చే కాబట్టి, ఆ ఫోటోల్ని ఫ్రెంచ్ లెజియన్‌వని అమ్మజూపితే నమ్మేయడం తేలిక. ముందు బెరె మీది బిళ్ల చూడండి. కత్తి పట్టిన రెక్కల చేయి కుడికంటి పైన ఉంటే ఫ్రెంచ్‌వాడు.